లెక్క అడగని డబ్బు

జీతం నోట్ల రూపంలో చేతికొచ్చే రోజులవి. ఆఫీసులో అక్విటెన్స్ రోల్ (జీతం ముట్టినట్టు సంతకాలు పెట్టే పట్టీ) మీద రెవెన్యూ స్టాంపు అంటించి, దాని మీదుగా సంతకం పెట్టి, నోట్లు రెండుసార్లు లెక్కపెట్టుకుని లోపలి జేబులో పెట్టుకుని ఇంటికి తెచ్చేవాళ్లు. ముందు దేవుడి దగ్గర పెట్టేవాళ్లు. అందుకే ఆ రాత్రి చాప మీద పరిచిన నోట్లలో ఒకటో రెండో నోట్లకి కుంకుమ అంటుకుని ఉండేది. పిల్లలు నిద్రపోయాక ఆయన ఒక పక్క, ఆవిడ ఒక పక్క, మధ్యలో లాంగ్ నోట్‌బుక్కు. 1970ల్లో, 80ల్లో మన మధ్యతరగతి ఇళ్లలో ఆలుమగలు డబ్బు గురించి నోరు విప్పి మాట్లాడుకున్నది చాలావరకు ఆ ఒక్క రాత్రే. మిగతా నెలంతా ఆ మాటలు మూతివిరుపులుగానో, వంటింట్లో గిన్నెల చప్పుళ్లుగానో వినపడేవి.

ఆ పద్దుల పుస్తకాలు కొన్ని ఇళ్లలో ఇంకా అటక మీద ఉన్నాయి. దుమ్ము దులిపి తిరగేస్తే ఒక సంగతి తెలుస్తుంది. అద్దె దగ్గర, ఫీజుల దగ్గర, మందుల దగ్గర మొగుడూ పెళ్లాలు పోట్లాడుకున్నది తక్కువ. ఎవరి చేతిలో ఉన్న డబ్బుకి ఎవరు లెక్క చెప్పాలి అన్న దగ్గరే వచ్చేది పేచీ అంతా.

పుస్తకం రాసే పద్ధతి దాదాపు అందరిదీ ఒకటే. పైన మధ్యలో 'శ్రీ', ఎడమ పేజీ జమ, కుడి పేజీ ఖర్చు. జమలో మొదటి పద్దు పోయిన నెల నిల్వ, రెండోది జీతం. ఖర్చు వైపు తారీఖు, దేనికి, ఎంత. రోజూ రాత్రి కూడి, పెట్టెలో ఉన్న నగదు లెక్కపెట్టి, పుస్తకంలో నిల్వతో సరిపోయిందో లేదో చూడాలి. సరిపోకపోతే 'తేడా' అని రాసి ముందుకి పోవాలి. రోజూ చూసుకునే ఇంట్లో ఆ తేడా పావలా, అర్ధ రూపాయి దాటేది కాదు. వారానికోసారి చూసే ఇంట్లో ఆరేడు రూపాయలయ్యేది. ఏ రోజుదో ఎవరికీ గుర్తుండేది కాదు. అనుమానం అక్కడ మొదలయ్యేది.

'ఇతరములు' అనే పద్దు గొడవలకి పుట్టిల్లు. గుర్తురాని ప్రతిదాన్నీ అందులోకి తోసేవాళ్లు. పద్ధతిగా నడిపిన ఇళ్లలో ఒక కట్టుబాటు ఉండేది: నెల మొత్తం మీద ఇతరములు పది రూపాయలు దాటితే విడగొట్టి రాయాలి. విడగొడితే సగం రిక్షా కిరాయి అనో, చాకలికిచ్చిన అదనం అనో, గుమ్మంలో కొన్న పూలు అనో తేలిపోయేది.

అసలు పొరపాటు ఇంకోచోట ఉంది. ఖర్చు పెట్టేది ఆవిడ, రాసేది ఆయన.

"కూరలకెంత?"

"మూడున్నరండీ."

"నిన్న కూడా మూడున్నరేగా?"

"నిన్నటివి రెండు పూటలకొచ్చాయి. ఇవాళ బావగారొచ్చారుగా, ఒక్క పూటకే అయిపోయాయి."

ఇందులో ఆయన తప్పు పట్టిందీ లేదు, ఆవిడ దాచిందీ లేదు. అయినా పొద్దుటి నుంచి చాకిరీ చేసి, రాత్రి తొమ్మిదింటికి జ్ఞాపకం మీద లెక్క అప్పజెప్పాల్సి వస్తే ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది. పుస్తకం ఆవిడ చేతికే ఇచ్చి, ఎప్పటికప్పుడు ఆవిడే రాసుకుని, ఆదివారం మధ్యాహ్నం ఇద్దరూ కూర్చుని కూడుకున్న ఇళ్లలో అవే కూరలు, అవే అంకెలు, పేచీ మాత్రం ఉండేది కాదు. ఆ మార్పుకి పైసా ఖర్చవదు. ఎక్కువ ఇళ్లలో ఎందుకు చెయ్యలేదా అని తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

పుస్తకానికి తోడు చిల్లర పద్దులు ఇంకొన్ని. పాల లెక్క గోడ క్యాలెండరు మీద. రోజువారీ వాడిక పోసిన రోజు ఏమీ రాయరు; ఎక్కువ పోయించుకుంటే ఆ గడిలో 'అర' అని, రాకపోతే సున్నా. చాకలి పద్దు తలుపు వెనక మేకుకి వేలాడే చిన్న పుస్తకంలో. కిరాణా ఖాతా పుస్తకాలు రెండు, కొట్లో ఒకటి, ఇంట్లో ఒకటి. సరుకు తెచ్చినప్పుడే రెండింట్లోనూ రాయించుకోవాలి. ఇక్కడే చిక్కు. సాయంత్రం అగ్గిపెట్టె కోసమో చింతపండు కోసమో పిల్లాణ్ని పంపిస్తే, వాడు "ఖాతాలో రాసుకోమంది అమ్మ" అని చెప్పి సరుకు తెచ్చేవాడు కానీ ఇంటి పుస్తకం పట్టుకెళ్లేవాడు కాదు. అలాంటివన్నీ కలిసి నెలాఖరుకి పాతిక, ముప్ఫై రూపాయల తేడా. శెట్టిగారు మోసం చేశాడని ఆయన, నువ్వెప్పుడు నమ్మావు గనక అని ఆవిడ.

ఇక లెక్క విషయానికి వద్దాం. 80ల్లో కోతలు పోను 1,200 రూపాయలు చేతికొచ్చే ఇల్లు ఒకటి అనుకుందాం. అద్దె 225, కిరాణా 280, పాలు 105, కూరలు 90, కరెంటూ గ్యాసూ 55, పిల్లల ఫీజులూ బస్సూ 85. పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్ 50, చీటీ 100. ఊళ్లో అమ్మానాన్నలకి 100 మనియార్డరు, దానికి ఇరవై రూపాయలకి రూపాయి చొప్పున కమీషన్ 5. అన్నీ కూడితే 1,095. మిగిలేది 105. ఈ 105 గురించే యుద్ధం. ఆయన లెక్కలో అది అవసరానికి ఉంచాల్సింది, ఆవిడ లెక్కలో ఎన్నాళ్లనుంచో వాయిదా వేస్తున్న కుక్కరు.

నిజానికి ఆ 105 ఇద్దరిదీ కాదు. జూన్‌లో పుస్తకాలు, యూనిఫారాలకి 240. సంక్రాంతి బట్టలకి 480. ఏడాది పొడుగునా పెళ్లిళ్ల చదివింపులు 240. వేసవిలో ఊరి ప్రయాణాలకి 180. మొత్తం 1,140. పన్నెండుతో భాగిస్తే నెలకి 95. అంటే ఆ ఇంట్లో ప్రతి నెలా నిజంగా మిగిలేది పది రూపాయలు. ఆ పది కోసం కాకుండా, ఉందనుకున్న 105 కోసం ఏళ్ల తరబడి వాదించుకున్నారు. జూన్ రాగానే "పోయిన నెల నువ్వు చీర కొనకపోతే" అని ఒకరు, "మీరు మీ స్నేహితుడికి ఇవ్వకపోతే" అని ఒకరు. చీరా కారణం కాదు, స్నేహితుడూ కారణం కాదు. జూన్ వస్తుందని జనవరిలో రాసిపెట్టుకోకపోవడం కారణం. జాగ్రత్తపరులు పుస్తకం మొదటి పేజీలోనే పన్నెండు నెలల పేర్లు రాసి, ఏ నెలలో ఏ ఖర్చు పడుతుందో పక్కన వేసుకునేవాళ్లు. ఆ 95 వేరే కవర్లో పెట్టి, కవరు మీద 'ఏటి ఖర్చు' అని రాసేవాళ్లు. ఆ కవరున్న ఇళ్లలో జూన్‌లో అప్పు పుట్టించుకోవాల్సిన పని తప్పేది.

పండగ అడ్వాన్సు ఇంకో చిక్కు. ప్రభుత్వోద్యోగులకి దసరాకో సంక్రాంతికో అడ్వాన్సు ఇచ్చి, పది వాయిదాల్లో జీతంలోంచి పట్టుకునేవాళ్లు. పండక్కి అందరూ సంతోషమే. మిగతా ఏడాదంతా జీతం తగ్గి వస్తుంటే, ఎందుకు తగ్గిందో చెప్పని ఇంట్లో ఆవిడకి అనుమానం రాకుండా ఎలా ఉంటుంది? కరువు భత్యం అరియర్స్ దీనికి తిరగేసిన కథ. అనుకోకుండా వచ్చిన డబ్బు కాబట్టి తన సొంతం అని ఆయన, జీతంలో భాగమే కాబట్టి ఇంటిదని ఆవిడ. నన్నడిగితే ఆవిడ మాటే ఒప్పు. ధరలు పెరిగినందుకు ఇచ్చేదే కరువు భత్యం. ఆ పెరిగిన ధరలు అప్పటిదాకా మోసింది వంటిల్లే.

ఖర్చుకి హద్దు పెట్టుకోవడం చాలా ఇళ్లలో ఉండేది. "యాభై దాటితే ఒకరికొకరం చెప్పుకుందాం" అని పెళ్లైన కొత్తలోనే అనుకునేవాళ్లు. మంచి కట్టుబాటే, కానీ అది మూడు చోట్ల తెగేది.

మొదటిది వాయిదాల పద్ధతి. స్టీలు సామాన్లవాడు నెలకి పది రూపాయలకి బిందె ఇచ్చేవాడు. పది యాభై కంటే తక్కువేగా, చెప్పక్కర్లేదు అనుకునేవాళ్లు. కానీ పన్నెండు నెలలకి అది 120. హద్దు అనేది వస్తువు మొత్తం ధరకి ఉండాలి, వాయిదాకి కాదు.

రెండోది రోజువారీ ఖర్చు, అన్నిటికన్నా అన్యాయమైంది ఇదే. ఆయన సిగరెట్లూ టీలూ కలిపి రోజుకి రూపాయిన్నర. ఏ రోజూ యాభై దాటదు, ఏ రోజూ చెప్పాల్సిన పని లేదు. నెలకి 45, ఏడాదికి 540. ఆవిడ ఏడాదికోసారి కొనుక్కున్న 120 రూపాయల చీర మాత్రం హద్దు దాటినట్టు! ఒక్కో కొనుగోలుకి పెట్టిన హద్దు అరుదుగా కొనేవాళ్లని పట్టిస్తుంది, రోజూ కొద్దికొద్దిగా పెట్టేవాళ్లని వదిలేస్తుంది. అందుకని కొనుగోలుకొక హద్దు, మనిషికి నెలకొక హద్దు, రెండూ ఉండాలి.

మూడోది, హద్దు పెట్టాక మళ్లీ దాని మొహం చూడకపోవడం. 1975లో పెట్టుకున్న యాభై 1985లో కూడా యాభయ్యే. ఈలోగా ధరలు ఎక్కడికో పోయాయి. కాస్త మంచి చెప్పుల జత కొన్నా అనుమతి అడగాల్సిన పరిస్థితి. కరువు భత్యం పెరిగినప్పుడల్లా ఆ అంకె కూడా పెంచుకున్న ఇళ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఇక పోపుల డబ్బా సంగతి. ఆవాలు, మెంతుల కింద మడతపెట్టిన నోట్ల గురించి అందరూ ముచ్చటగా చెప్పుకుంటారు. ఆ డబ్బు ఎలా పోగయ్యేదో మాత్రం ఎవరూ చెప్పరు. పాత పేపర్లు అమ్మినప్పుడు కొంత. పుట్టింటికెళ్లి వస్తుంటే చేతిలో పెట్టింది కొంత. కూరగాయల బేరంలో మిగిల్చింది కొంత. అన్నిటికన్నా చక్కటి దారి చీటీ. 100 చొప్పున ఇరవై మంది, ఇరవై నెలలు, 2,000 రూపాయల చీటీ. పాటలో ఎవరో 400 వదులుకుని పాడుకుంటారు. చీటీ నడిపే ఫోర్‌మన్ కమీషన్ 5 శాతం, అంటే 100 పోను, మిగిలిన 300 ఇరవై మందికి పంచితే తలకి 15. ఆ నెల కట్టాల్సింది 85. ఆయన ఒకటో తారీఖున చీటీ కింద తీసి ఇచ్చేది 100. వసూలుకొచ్చే మనిషి పగటిపూట వచ్చి 85 పట్టుకెళ్లేవాడు. తేడా పోపుల డబ్బాలోకి. పుస్తకంలో ప్రతి నెలా 'చీటీ 100' అని నిక్షేపంగా ఉండేది.

దాన్ని దొంగతనం అన్నవాళ్లున్నారు. నేను అనను. ఇరవై నాలుగు గంటలూ ఆ ఇంటి కోసం పనిచేసే మనిషికి, లెక్క చెప్పక్కర్లేని రూపాయి ఒక్కటి కూడా ఎవరూ ఇవ్వలేదు. ఇవ్వనిది ఆవిడే తీసుకుంది. తీసుకుని ఏం చేసిందో కూడా తెలిసిందే. పిల్లల విహారయాత్ర ఫీజు, ఆడబడుచు పురిటి ఖర్చు, ఇరవై ఎనిమిదో తారీఖున ఆయనకే చేబదులు. "ఒకటో తారీఖున ఇచ్చేస్తాను" అని తీసుకున్న ఆ ఇరవై ఎన్ని ఇళ్లలో తిరిగొచ్చిందో అడగొద్దు. అది పుస్తకంలో జమ వైపు ఎక్కేది కాదు, అందుకే తిరిగి ఖర్చు వైపూ ఎక్కేది కాదు. 'ఆవిడ దగ్గర చేబదులు 20' అని ఒక్క పద్దు రాసి ఉంటే ఆవిడ పెదవి విప్పి అడగాల్సిన అవస్థ తప్పేది.

1986లో ఇందిరా వికాస్ పత్రాలొచ్చాయి. మొదట్లో ఐదేళ్లకి రెట్టింపు. వాటి మీద కొన్నవాళ్ల పేరుండదు, ఎవరు పట్టుకెళ్లి ఇస్తే వాళ్లకే డబ్బు. దాచుకునే ఆడవాళ్లకి అంతకంటే ఏం కావాలి? కానీ పోతే పోయినట్టే, కరెన్సీ నోటు లాంటిదే అది. చీర మడతల్లో పెట్టి, ఆ చీర ఎవరికో ఇచ్చేసినా, చెదలు తిన్నా అడిగే దిక్కు లేదు. మొగుడికి తెలియకూడదని దాచిన కాగితం గురించి మొగుడి దగ్గర ఏడవలేని దుఃఖం అది. అప్పటికే 1972 నుంచి మహిళా ప్రధాన్ క్షేత్రీయ బచత్ యోజన కింద పోస్టాఫీసు ఏజెంట్లుగా ఆడవాళ్లే ఇంటికొచ్చి రికరింగ్ డిపాజిట్ వాయిదాలు తీసుకెళ్లేవాళ్లు. అప్పట్లో నెలకి పది రూపాయలైనా కట్టే వీలుండేది, ఐదేళ్లు, అరవై వాయిదాలు, పాస్‌బుక్కు సొంత పేరున. తెలిసిన ఏజెంటు ఉన్న వీధిలో ఆడవాళ్ల డబ్బు పోపుల డబ్బాలోంచి పాస్‌బుక్కులోకి నడిచింది.

దాచిన డబ్బంతా ఒక్కసారి బయటపడింది 2016 నవంబరు 8 తర్వాత. 500, 1,000 నోట్లు చెల్లవన్నారు, డిసెంబరు 30 లోగా బ్యాంకులో వేసుకోమన్నారు. గృహిణులు రెండున్నర లక్షల దాకా వేసుకుంటే ఆరా తీయబోమని ప్రభుత్వం చెప్పింది. ప్రభుత్వం ఆరా తియ్యకపోవచ్చు, ఇంట్లో? బియ్యం డబ్బా అడుగు నుంచి, దేవుడి పటం వెనక నుంచి నోట్లు తీసి ఆయన ముందు పెట్టాల్సి వచ్చింది చాలామందికి. ఇన్నేళ్లు నాకు చెప్పలేదా అని కొందరు మొగుళ్లు నొచ్చుకున్నారు. ఆ నొప్పి నిజమే. ఆ డబ్బు చూసి ముచ్చటపడి, ఆవిడ పేరున ఖాతా తెరిపించి అందులోనే వేయించినవాళ్లూ ఉన్నారు. ఇంటి అప్పు కింద కట్టేసి, ఆవిడకి తిరిగి పైసా ఇవ్వనివాళ్లూ ఉన్నారు. ఆ రెండో రకం వాళ్ల ఇళ్లలో మళ్లీ దాపరికం మొదలైతే ఎవర్నీ తప్పు పట్టడానికి లేదు.

మగవాళ్ల దాపరికం వేరే రకం. మనియార్డరు రసీదు. ఊరికి 100 పంపుతానని చెప్పి 150 పంపేవాళ్లు. ఉతకడానికి తీసిన చొక్కా జేబులో చెయ్యి పెడితే మడతలు పడిన రసీదు, దాని మీద పోస్టాఫీసు ముద్ర, అంకె. ఆవిడకి కోపం వచ్చింది అత్తమామలకి ఎక్కువ పంపినందుకు కాదు, తన పుట్టింటికి ఇరవై పంపుదామంటే నెల ఆగమన్నందుకు. ఇద్దరి అమ్మానాన్నల పేర్లూ పుస్తకంలో పక్కపక్కనే రాసుకున్న ఇళ్లలో ఈ రసీదుల గొడవ ఉండేది కాదు. సమానంగా పంపకపోయినా పరవాలేదు, రెండు పద్దులూ కనపడాలి.

అన్నిటికన్నా కొంపలు ముంచింది జామీను సంతకం. ఆఫీసులో తోటి ఉద్యోగి అప్పు తీసుకుంటుంటే, చీటీ పాడుకుంటుంటే, హామీదారుగా సంతకం. చేతిలోంచి రూపాయి పోలేదు కాబట్టి అది ఖర్చు కాదనుకునేవాళ్లు, పుస్తకంలో ఎక్కేది కాదు, ఇంట్లో చెప్పేవాళ్లు కాదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం, ఒప్పందంలో వేరేగా రాసుకుంటే తప్ప, అప్పు తీసుకున్నవాడికి ఎంత బాధ్యతో జామీనుదారుకీ అంతే. ముందు అతన్ని అడిగి, లేదంటేనే ఇతని దగ్గరికి రావాలన్న నియమమేమీ లేదు. ఆ స్నేహితుడు కట్టడం మానేస్తే నోటీసు నేరుగా ఇంటికొచ్చేది, కోర్టు దాకా పోతే జీతంలోంచి కోతా మొదలయ్యేది. యాభై రూపాయల చీరకి హద్దు పెట్టుకున్న ఇంట్లో ఐదు వేల సంతకానికి హద్దు లేకపోయింది. హద్దుల మాట మాట్లాడుకునేటప్పుడు మొట్టమొదట రాసుకోవాల్సింది ఇదే: ఇద్దరికీ తెలియకుండా ఎవరూ జామీను పెట్టకూడదు.

బంగారం దగ్గరా ఇంతే. "ఆర్నెల్లలో విడిపిస్తాను" అని గాజులు తాకట్టుకి వెళ్లేవి. వడ్డీ కట్టుకుంటూ పోతే అసలు అలాగే ఉండేది, వడ్డీ కూడా ఆగితే వేలం నోటీసు. స్త్రీధనం భార్య సొంత ఆస్తి, భర్త చేతిలో ఉన్నా అది ఆవిడ నమ్మి అప్పగించిందే అని 1985లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. ఆ మాట ఇళ్లలోకి చేరడానికి మాత్రం చాలా ఏళ్లు పట్టింది. తాకట్టు రసీదు ఆవిడ దగ్గర ఉంచి, విడిపించే తారీఖు పుస్తకంలో రాసి, నెలనెలా అసలు కింద కొంత తీసిపెట్టినవాళ్ల గాజులే వెనక్కి వచ్చాయి.

కూలి ఇళ్లలో ఈ తగువు ఇంకా కఠినం. అక్కడ పుస్తకమూ లేదు, ఒకటో తారీఖూ లేదు. సాయంత్రం వచ్చిన కూలి డబ్బు సారా కొట్టు దాటి ఇంటికి రావాలి. నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలై 1992లో ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. 1993 అక్టోబరు 1 నుంచి అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధించారు. ఆ వెంటే ఆ జిల్లాలో పొదుపు లక్ష్మి సంఘాలు, రోజుకి రూపాయి. పదీ పదిహేను మంది కలిసి, సంఘం పేరున బ్యాంకు ఖాతా. తియ్యాలంటే తీర్మానం రాయాలి, నాయకురాళ్లు సంతకాలు పెట్టాలి. మొగుడు అడిగితే "అది నాదొక్కదానిదీ కాదు, సంఘానిది" అని చెప్పే వీలు మొదటిసారి దొరికింది. లేదని అబద్ధమాడక్కర్లేదు, ఇవ్వనని దెబ్బలు తినక్కర్లేదు. నెలకి ముప్ఫై రూపాయల పొదుపు కంటే ఆ మాట అనగలగడం పెద్ద విషయం అనిపిస్తుంది నాకు.

ఇన్ని రకాల ఇళ్లలో తక్కువ పేచీతో నడిచినవాటిని చూస్తే, ఒక పద్దు మాత్రం అన్నిట్లోనూ కనపడుతుంది. ఒకటో తారీఖునే, అద్దె తీసినట్టే, 'ఆయనకి 30, ఆవిడకి 30' అని రాసి, ఆ తర్వాత ఆ ముప్ఫై ఏమైందో ఎవరూ ఎవర్నీ అడగకపోవడం. ఇది పని చెయ్యాలంటే కొన్ని పట్టింపులుండాలి. రెండు అంకెలూ సమానంగా ఉండాలి, సంపాదన ఎవరిదైనా సరే. నెల మొదట్లోనే తియ్యాలి. మిగిలితే ఇద్దాంలే అనుకుంటే ఎన్నటికీ మిగలదు. ఖర్చు పెట్టకుండా ఉంచుకుంటే అది పైనెల కోటాలో కొయ్యకూడదు. నెలాఖరు ఇబ్బందికి వాడుకుంటే చేబదులుగా రాసి, ఒకటిన తిరిగి ఇవ్వాలి. డబ్బు చాలని ఇంట్లో ముప్ఫై కాకపోతే ఐదు. అంకె చిన్నదైనా పరవాలేదు, అడగకపోవడం ముఖ్యం. సిగరెట్లు అందులోవే, చీరా అందులోదే. అలా చేశాక హద్దు గురించి వాదించడానికి ఇంక పెద్దగా ఏమీ మిగిలేది కాదు.

జీతాలు బ్యాంకులో పడటం మొదలయ్యాక ఒకటో తారీఖు రాత్రి చాప మీద నోట్లు పరచడం పోయింది. జాయింటు ఖాతాలొచ్చాయి. ఫారం మీద 'ఐదర్ ఆర్ సర్వైవర్' అని ఉంటే ఎవరైనా తీసుకోవచ్చు. 'జాయింట్లీ' అంటే ఇద్దరూ సంతకం పెట్టాలి. 'ఫార్మర్ ఆర్ సర్వైవర్' అంటే మొదటి పేరున్నవాళ్లు బతికున్నంత కాలం వాళ్లే. మూడో రకంలో రెండో పేరుగా ఉండి, ఆ ఖాతా తనది కూడా అనుకున్న ఆడవాళ్లు ఎందరో. మొదటి రకంలో ఇంకో ఇబ్బంది, ఇద్దరూ ఒకరికి తెలియకుండా ఒకరు చెక్కులు రాయడం. నిల్వ 3,000, ఆయన రాసింది 2,000, ఆవిడ రాసింది 1,500. 1989 ఏప్రిల్ నుంచి చెక్కు చెల్లకపోవడం నేరం కూడా అయింది. చెక్కుబుక్కులో మిగిలే కౌంటర్‌ఫాయిల్ మీద తారీఖు, అంకె, మిగిలిన నిల్వ రాస్తే చాలు ఇది తప్పడానికి. ఇప్పుడు చెక్కు స్థానంలో ఫోనొచ్చింది. డబ్బు కట్ అయిన మెసేజ్ ఎవరి నంబరిస్తే వాళ్లకే వస్తుంది, వాళ్లే అడిగేవాళ్లు, రెండోవాళ్లు చెప్పుకునేవాళ్లు. రాత్రి తొమ్మిదింటి "కూరలకెంత?" ఇప్పుడు కొన్న మరుక్షణమే మోగుతోంది. ఇంటి ఖర్చుకొక ఖాతా, దాని మెసేజ్‌లు వీలైతే ఇద్దరికీ. ఎవరి సొంత డబ్బు వాళ్ల ఖాతాలో, దాని మెసేజ్‌లు వాళ్లకే. పాత పద్దే ఇది, ఫోన్లోకి మారింది.

ఇద్దరూ సంపాదించే ఇళ్లలో చెరిసగం అనేది న్యాయంగా కనిపిస్తుంది. ఆయనకి 60,000, ఆవిడకి 40,000, ఇంటి ఖర్చు 50,000 అనుకోండి. చెరి 25,000 వేస్తే ఆయనకి 35,000 మిగులుతుంది, ఆవిడకి 15,000. జీతాల దామాషాలో 30,000, 20,000 వేసుకుంటే మిగిలేవి 30,000, 20,000. నాకు ఈ రెండో లెక్కే సబబు అనిపిస్తుంది, ఎందుకంటే తక్కువ జీతానికి కారణం చాలాసార్లు పిల్లల కోసం వదులుకున్న ప్రమోషనే. పన్ను తగ్గుతుందని ఆవిడ పేరున డిపాజిట్లు వేసేవాళ్లకి ఒక మాట. భర్త ఇచ్చిన డబ్బు మీద భార్యకొచ్చే వడ్డీని పన్ను లెక్కలో భర్త ఆదాయంలోనే కలుపుతారు. పన్ను కోసమైతే లాభం లేదు. ఆవిడ పేరున కొంత ఉండాలని వేస్తే మాత్రం మంచిదే.

చివరగా పాత పుస్తకాల ఆఖరి పేజీ. కొందరే రాసేవాళ్లు. ఎల్‌ఐసీ పాలసీ నంబర్లు, ప్రీమియం తారీఖులు, ఎవరికెంత ఇవ్వాలి, ఎవరు ఎంత ఇవ్వాలి, జామీను సంతకాలు ఎక్కడెక్కడ ఉన్నాయి, తాకట్టు రసీదు ఏ పెట్టెలో ఉంది. పోస్టాఫీసు ఖాతా 'జాయింట్ ఏ' అయితే ఇద్దరూ కలిసి తియ్యాలి, 'జాయింట్ బి' అయితే ఎవరైనా తియ్యొచ్చు. అది కూడా పక్కన రాసేవాళ్లు. నామినీ పేరుంటే చాలు డబ్బు ఆ మనిషిదే అని అందరూ అనుకునేవాళ్లు. కానీ నామినీ తీసుకోవడానికి మాత్రమే హక్కుదారు, సొమ్ము వారసులందరిదీ అని 1980ల్లోనే సుప్రీంకోర్టు చెప్పింది. జీవిత బీమాలో భార్య, భర్త, పిల్లలు, తల్లిదండ్రులు నామినీలైతే సొమ్ము వాళ్లదేనని చట్టం మారింది 2015లో. అంతకుముందు గట్టి దారి 1874 నాటి వివాహిత మహిళల ఆస్తి చట్టం కింద పాలసీ తీసుకోవడం. దాన్ని భర్త అప్పులవాళ్లు కూడా ముట్టుకోలేరు. ఆ వీలు ఇప్పటికీ ఉంది, పాలసీ తీసుకునేటప్పుడే అడిగి ఆ ఫారం నింపాలి, తర్వాత కుదరదు.